రెండు క్యాష్ ప్లగిన్లు వద్దండీ, ఒక్కటే ఉంచండి

లైట్‌స్పీడ్ క్యాష్, డబ్ల్యూపీ సూపర్ క్యాష్ అనే క్యాష్ ప్లగిన్లు (సైట్ త్వరగా తెరుచుకునేలా పేజీల కాపీలు దాచిపెట్టేవి) రెండూ పెట్టాక మీ వర్డ్‌ప్రెస్ సైట్‌లో కొత్త పోస్టులు కనిపించడం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి, పోస్టులు ఎక్కడికీ పోలేదు. రెండూ దాచిపెట్టిన పాత పేజీలనే చూపిస్తున్నాయంతే.

ముందు హోస్టింగ్ వాళ్లను సర్వర్ ఏదో అడగండి. లైట్‌స్పీడ్ సర్వర్ అయితే లైట్‌స్పీడ్ క్యాష్‌నే ఉంచండి. మామూలు అపాచీ సర్వర్ అయితే ఆ ప్లగిన్ పేజీ క్యాష్ నేరుగా పనిచేయదు, సూపర్ క్యాష్‌నే ‘సింపుల్’ పద్ధతిలో వాడుకోండి.

బ్యాకప్ తీసుకుని రెండింటినీ డీయాక్టివేట్ చేయండి. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో అడ్వాన్స్‌డ్-క్యాష్ అనే పీహెచ్‌పీ ఫైల్ మిగిలి ఉంటే తీసేసి, కావలసినదాన్ని మాత్రమే మళ్లీ ఆన్ చేయండి. నాకు ఒకసారి ఈ ఒక్క ఫైల్ వల్లే సగం రోజు పోయింది.

లైట్‌స్పీడ్‌లో క్రాలర్ (పేజీలన్నీ తనే తెరిచి ముందుగా కాపీలు చేసిపెట్టేది) జోలికి మాత్రం వెళ్లకండి, షేర్డ్ హోస్టింగ్‌లో సీపీయూ అంతా అదే తినేస్తుంది. క్యాష్ పర్జ్ చేశాక (దాచిన కాపీలన్నీ తీసేశాక), లాగిన్ అవకుండా ఇన్‌కాగ్నిటోలో చూడండి.