హోటల్ ఎదురు బర్గర్ ఇక చాలు

చిరంజీవి చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

హార్ట్‌ఫర్డ్ ప్రాజెక్టు వచ్చిందని, సోమవారం పొద్దున్నే కారులో బయల్దేరి గురువారం రాత్రికి జెర్సీ సిటీ చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మూడు రాత్రులూ హోటల్ ఎదురుగా ఉన్న చెయిన్ షాపులోనే తింటున్నానని నువ్వే చెప్పావు. గదిలో వండుకునే వీలు లేదు, మన భోజనం దొరికేచోటు దూరం, బర్గర్ అయితే పది నిమిషాల్లో పనైపోతుంది అన్నావు. నిజమే. కానీ ఆ బర్గర్ డాలస్‌లో తిన్నా డెట్రాయిట్‌లో తిన్నా ఒకేలా ఉంటుంది. అలా ఉండాలనే దాన్ని తయారుచేస్తారు. కంపెనీ ఖర్చుతో ఊళ్లు తిరుగుతూ ఏ ఊరి రుచీ తెలియకుండా తిరిగొస్తే ఎలారా? నా ఉద్యోగమంతా ఈ సూట్‌కేసు బతుకులోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు బీఫ్ సంగతి తేల్చేద్దాం. నేను తింటాను, మీ అమ్మ తినదు, నువ్వు ఏం చేస్తావో నేను అడగను. అది మీరిద్దరూ చూసుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఈ దేశంలో మెనూ మీద ఉత్త బర్గర్ అని ఉంటే అది బీఫే. మనం చికెన్ బర్గర్ అనేది ఇక్కడ చాలాచోట్ల చికెన్ శాండ్‌విచ్ పేరుతో ఉంటుంది. వెజ్ బర్గర్ కావాలంటే ప్యాటీ మీరే చేస్తారా, ఫ్రోజెనా అని అడుగు. సొంతంగా బ్లాక్ బీన్స్‌తో చేసేచోట రుచి వేరు. దాన్ని కూడా మాంసం కాల్చే పెనం మీదే కాలుస్తారు కాబట్టి అది పట్టింపు అయితే ముందే చెప్పాలి. చిన్న షాపుల్లో చాలామంది పెనంలో ఒక మూల గీకి శుభ్రం చేసి ఇస్తారు. రద్దీ వేళ అడిగితే కుదరదంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక షాపు వెతకడం. ఫోన్‌లో బెస్ట్ బర్గర్ అని కొడితే వచ్చే మొదటి పది పేర్లూ ఎక్కడైనా ఉండగలిగేవే. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా లేని బర్గర్ ఏది అన్నది అసలు ప్రశ్న. అమెరికాలో చాలా ఊళ్లకి అలాంటిది ఒకటి ఉంది, దాని వెనక ఒక కారణమూ ఉంది. ఓక్లహోమాలో ఎల్ రీనో అనే రైల్వే ఊరు ఉంది. అక్కడ కష్టకాలంలో మాంసం ఖరీదైంది, ఉల్లిపాయ చవక. సన్నగా తరిగిన ఉల్లిపాయని గుప్పెడు తీసి మాంసంలోకి అదిమి పెనం మీద కాల్చారు. కష్టకాలం పోయింది, ఉల్లిపాయ ఉండిపోయింది. అక్కడి రాబర్ట్స్ గ్రిల్ 1926 నుంచి ఉంది. ఉల్లిపాయ అంచులు నల్లబడి, మధ్యలో తియ్యగా మెత్తబడి, మాంసంతో కలిసిపోతుంది. మన నాలుకకి వెంటనే నచ్చేస్తుంది. మినియాపొలిస్ ప్రాజెక్టు దొరికితే ప్యాటీ లోపల ఛీజ్ పెట్టి కాల్చే జ్యూసీ లూసీ తిను. మేమే ముందు చేశామని మ్యాట్స్ బార్, 5-8 క్లబ్ కొట్టుకుంటూ ఉంటాయి, రెండూ ఒకే సీడర్ ఎవెన్యూ మీద ఉన్నాయి. రాగానే కొరికితే లోపలి ఛీజ్ నోరు కాల్చేస్తుంది, కాసేపు ఆగు. న్యూ మెక్సికో వెళ్తే పచ్చిమిర్చి కాల్చి వేసే గ్రీన్ చిలీ ఛీజ్ బర్గర్. అక్కడ మాత్రం మనవాళ్లకి ఎవరూ సలహా చెప్పక్కర్లేదు.

నీ అదృష్టం ఏమిటంటే నువ్వు వారం వారం వెళ్లే దారిలోనే అలాంటి ఊళ్లు మూడున్నాయి. ఐ-95 హైవే మీద న్యూ హేవెన్ దాకా వెళ్లి అక్కడ ఐ-91 ఎక్కుతావు కదా. ఆ న్యూ హేవెన్‌లో లూయీస్ లంచ్ ఉంది. 1895లో మొదలైంది, 1900 నుంచి హ్యామ్‌బర్గర్ చేస్తున్నామంటారు. బర్గర్ పుట్టింది ఇక్కడేనని వాళ్లు, కాదు మా దగ్గరని విస్కాన్సిన్ వాళ్లు, టెక్సస్ వాళ్లు వాదించుకుంటారు. ఆ తగువు మనకెందుకు? చూడాల్సింది వాళ్ల పొయ్యి. 1898 నాటి పోత ఇనుప గ్యాస్ పొయ్యిల్లో మాంసాన్ని నిలువుగా నిలబెట్టి రెండువైపులా ఒకేసారి కాలుస్తారు, కొవ్వు కిందికి కారిపోతుంది. బన్ లేదు, టోస్ట్ చేసిన మామూలు బ్రెడ్. ఛీజ్, ఉల్లిపాయ, టొమాటో, అంతే. కెచప్ అడిగితే ఇవ్వరు. ఫ్రైస్ కూడా లేవు, బంగాళాదుంప సలాడ్ ఉంటుంది. అందుకే ఫ్రైస్ మీద మనసున్న రోజు అక్కడికి వెళ్లకు.

మెరిడెన్‌లో టెడ్స్ ఉంది, 1959 నాటిది. అక్కడ బర్గర్‌ని కాల్చరు, ఆవిరి మీద ఉడికిస్తారు. చిన్న రేకు పెట్టెలో ఒక ట్రేలో మాంసం, ఇంకో ట్రేలో ఛీజ్. ఛీజ్ కరిగి పారేంతగా అయ్యాక మీద పోస్తారు. చూడ్డానికి బూడిదరంగులో ఉంటుంది, ఫోటోకి పనికిరాదు. నాకు అది పిచ్చి ఇష్టమేమీ కాదు, పెనం మీద ఎర్రగా వేగిన అంచు లేకపోతే నాకు బర్గర్ తిన్నట్టుండదు. కానీ ఒక్కసారైనా తినాలి. ఈ పద్ధతి కనెక్టికట్ నడిమధ్యలో ఆ చుట్టుపక్కల తప్ప పెద్దగా కనిపించదు.

హార్ట్‌ఫర్డ్ పక్కనే మాంచెస్టర్‌లో ఉన్న షేడీ గ్లెన్ అనే షాపు నాకు మూడింట్లోకీ ఇష్టం. 1948లో పాల వ్యాపారం చేసే రీగ్ దంపతులు పెట్టారు. ఐస్‌క్రీమ్ వాళ్ల సొంతం. ప్యాటీ మీద నాలుగు ఛీజ్ ముక్కలు, అంచులు దాటి పెనం మీద పడేలా పరుస్తారు. బయటపడ్డ ఛీజ్ కరకరలాడేలా వేగాక పైకి మడిచి కిరీటంలా నిలబెడతారు. 2012లో వంటల రంగంలో పెద్ద పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్లు అమెరికా క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. నీ హోటల్ నుంచి అక్కడికి కారులో ఎంతో సేపు పట్టదు.

ఇలాంటి పేర్లు తెలియని ఊళ్లో పడితే మనుషుల్ని అడగాలి. హోటల్ రిసెప్షన్‌లో అడిగితే టూరిస్టులకి చెప్పే పేరే చెబుతారు. ఆఫీసులో ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు ఉంటారు, సెక్యూరిటీ దగ్గర కూర్చునే పెద్దాయనైనా సరే. బెస్ట్ బర్గర్ ఎక్కడ అని మాత్రం అడగకు. అలా అడిగితే ఆలోచించి, నీకు నచ్చుతుందనుకున్నది చెబుతారు. చిన్నప్పుడు మీ నాన్న మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లేవారు, ఆ షాపు ఇంకా ఉందా అని అడిగి చూడు. మొహం వెలిగిపోతుంది, షాపు పేరుతోపాటు ఏం ఆర్డర్ చెయ్యాలో కూడా చెబుతారు. క్లయింటుతో స్నేహం కలవడానికి కూడా అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ఆన్‌లైన్ రివ్యూలు చూడొద్దనను. స్టార్లు వదిలేసి ఫోటోలు చూడు. కంపెనీ తీయించిన మెరుపు ఫోటోలు కాదు, జనం ఫోన్‌తో తీసినవి. ప్యాటీ అంచు గోధుమరంగులో గరుకుగా కనిపించాలి, బన్ లోపలి వైపు వెన్నతో కాలిన మచ్చ ఉండాలి. తిట్లు కూడా చదువు. క్యాష్ మాత్రమే తీసుకుంటారు, కూర్చోడానికి చోటు లేదు, మెనూలో ఏమీ లేదు, ఇలాంటి తిట్లయితే ధైర్యంగా వెళ్లు. చల్లగా ఇచ్చారు, నూనె వాసన వచ్చింది అని ఉంటే వద్దు. జేబులో కొంచెం క్యాష్ ఎప్పుడూ ఉంచుకో. న్యూయార్క్ సిటీలో అయితే కిటికీలో ఏ, బీ, సీ అని ఆరోగ్య శాఖ గ్రేడు అంటించి ఉంటుంది, 2010 నుంచి ఉన్న పద్ధతే. మిగతా చోట్ల చాలా కౌంటీలు తనిఖీ రిపోర్టులు వాళ్ల సైట్లో పెడతాయి.

షాపులోకి వెళ్లాక కౌంటర్ దగ్గర కూర్చో, పెనం కనిపించేలా. కుక్ ఏం చేస్తున్నాడో రెండు నిమిషాలు చూస్తే చాలు. ముందే కాల్చి పక్కన పేర్చి పెట్టిన ప్యాటీలు కనిపిస్తే కాఫీ తాగి వచ్చెయ్. మాంసాన్ని ఉండలా చేసి పెట్టి, బాగా వేడెక్కిన పెనం మీద ఒక్కసారి గట్టిగా అదిమి, ఆ తర్వాత తిప్పేదాకా ముట్టుకోకపోతే పని తెలిసినవాడు. అప్పుడే ప్యాటీ కింది వైపు పెనానికి పూర్తిగా తగిలి ఎర్రగా వేగుతుంది. సగం ఉడికాక అట్లకాడతో నొక్కుతూ కూర్చునేవాడు రసమంతా పిండేస్తున్నాడు. మాంసంలో కొవ్వు ఇరవై శాతం దాకా ఉంటేనే బాగుంటుంది. కొవ్వు తక్కువ, ఆరోగ్యం అని బోర్డు పెట్టిన చోట ఎండిపోయిన ముక్కే దొరుకుతుంది. అమెరికన్ ఛీజ్ అంటే చిన్నచూపు వద్దు. అందులో కలిపే లవణాల వల్ల నూనె విడిపోకుండా కరుగుతుంది, బర్గర్‌కి కావాల్సింది అదే. పొడుగ్గా పేర్చి, మధ్యలో కత్తి గుచ్చి, పైన ఉల్లిపాయ రింగులు వేలాడదీసి తెచ్చేవి నాకు పడవు. నోట్లో పట్టనిదాన్ని బర్గర్ అనడమెందుకు?

లావు ప్యాటీ చేసేచోట ఎంతదాకా కాల్చాలని అడుగుతారు. గులాబీరంగు మధ్య భాగం గొప్ప అనుకుని తొందరపడకు. స్టేక్‌లో క్రిములుంటే సాధారణంగా పైభాగాన ఉంటాయి, నిప్పు తగిలితే పోతాయి. కీమా చేస్తే పైదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే ప్రభుత్వం బర్గర్ లోపలి వేడి 160 ఫారెన్‌హైట్, అంటే 71 సెల్సియస్ చేరాలంటుంది. అంత వేడికి లావు ప్యాటీ కాస్త ఎండుతుంది, పల్చగా అదిమినది మాత్రం పూర్తిగా ఉడికినా రుచి పోదు. నేను పల్చటివే తినడానికి సగం కారణం ఇదే.

ఫ్రైస్ దగ్గర నేను కాస్త ఎక్కువ పట్టుదల మనిషిని. బర్గర్ బాగా చేసి ఫ్రైస్ దగ్గర చేతులెత్తేసే షాపులు బోలెడు. వెనక తలుపు దగ్గర బంగాళాదుంపల బస్తాలు, గోడకి బిగించిన, పిడి లాగి దుంపలు కోసే కట్టర్ కనిపిస్తే అక్కడికక్కడే కోస్తున్నారని అర్థం. అంతమాత్రాన బాగుంటాయని కాదు. కోసిన ముక్కల్ని నీళ్లలో నానబెట్టి పిండి కడిగెయ్యాలి. ముందు 325 ఫారెన్‌హైట్ దగ్గర లోపల ఉడికేలా ఒకసారి వేయించి, తీసి చల్లార్చి, ఆర్డర్ వచ్చాక 375 దగ్గర మళ్లీ వెయ్యాలి. అప్పుడే పైన కరకర, లోపల మెత్తన. ఓపిక లేక ఒక్కసారే వేయిస్తే వాలిపోతాయి. దుంపల్ని మరీ చలిలో నిలవుంచితే పిండి చక్కెరగా మారుతుంది, అలాంటివి నూనెలో పడగానే నల్లబడతాయి, లోపల మాత్రం సరిగా ఉడకవు. ఇంత పని చెయ్యలేనివాళ్లు మంచి ఫ్రోజెన్ ఫ్రైస్ వేడివేడిగా వేస్తేనే నయం, నేనేమీ అనుకోను. నూనె పాతదో కాదో నీకు చెప్పక్కర్లేదు. మిర్చి బజ్జీ బండి దగ్గర పెరిగిన ముక్కు నీది, తలుపు తీయగానే పట్టేస్తుంది.

ఫ్రైస్ అంటే దుంపే కదా, మీ అమ్మ కూడా తినొచ్చు అనుకోకు. మెక్‌డొనాల్డ్స్ 1990 దాకా ఇక్కడ బీఫ్ కొవ్వు ఎక్కువగా ఉన్న నూనెలోనే వేయించేది. తర్వాత కూరగాయల నూనెకి మారామని చెప్పింది కానీ ఫ్రైస్‌లో బీఫ్ రుచి కలిపే ఉంది. శాకాహారుల తరఫున 2001లో సియాటెల్ లాయరు హరీష్ భార్తి కేసు వేశారు. 2002లో ఆ కంపెనీ కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, క్షమాపణ కూడా చెప్పింది. ఇప్పుడు మళ్లీ ఆ కొవ్వు ఫ్యాషన్ అయింది. దాన్ని టాలో అంటారు. 2025లో స్టేక్ ఎన్ షేక్ లాంటి చెయినే దానికి మారింది, చిన్న షాపులైతే గొప్పగా బోర్డు మీద రాసుకుంటున్నాయి. నిజం చెప్పాలంటే ఆ ఫ్రైస్ రుచి అద్భుతం. కానీ అమ్మ నీ దగ్గరికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ నూనెలో వేయిస్తారు? అదే నూనెలో ఇంకేమేం వేస్తారు? రెండోది చాలామంది మర్చిపోతారు, చికెన్ వేసిన నూనెలోనే దుంపలూ వేగుతుంటాయి. వేరుశనగ నూనె వాడేవాళ్లూ ఉన్నారు కాబట్టి పల్లీ పడని స్నేహితులు వెంట ఉంటే అదీ అడుగు.

పదకొండున్నరకి, జనం పడకముందే వెళ్లడం మేలు. నూనె ఇంకా తేటగా ఉంటుంది, కుక్ కూడా నీతో నాలుగు మాటలు మాట్లాడతాడు. టేబుల్ దగ్గరికి తెచ్చిస్తే టిప్ పద్దెనిమిది నుంచి ఇరవై శాతం ఇవ్వు. పార్సిల్ మాత్రం వద్దు. మూత పెట్టిన డబ్బాలో ఫ్రైస్ ఆవిరికి చెమర్చి చచ్చిపోతాయి. తప్పదంటే మూత తెరిచి తీసుకురా.

వచ్చే వారం షేడీ గ్లెన్‌తో మొదలుపెట్టు, బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లు. మెరిడెన్ గురువారం తిరుగు దారిలో చూసుకోవచ్చు. న్యూ హేవెన్ వేరే వారానికి ఉంచు, ఒక్క రోజులో రెండు తినకు. ఈ షాపులన్నీ కుటుంబాలు నడిపేవి, వాళ్లకి తోచిన రోజు సెలవు పెడతారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచే ఉందా, కార్డు తీసుకుంటారా అని కనుక్కో.

ఇట్లు,
మీ పెద్దమావయ్య,
ఎడిసన్, న్యూజెర్సీ