సైకాలజీ బట్టీ పట్టినా మార్కులు రావట్లేదంటే...

ఆంధ్రా బోర్డర్‌లో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి నుంచి ఒకమ్మాయి రాసింది. బీఎస్సీ అయ్యి బీఈడీ రెండో సంవత్సరంలో ఉంది, ఇంట్లో తెలుగు, స్కూలు చదువంతా ఒడియా మీడియం. సీటెట్ (కేంద్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష) మాక్ టెస్టుల్లో లెక్కలు, సైన్స్ బాగానే వస్తున్నాయంట గానీ చైల్డ్ డెవలప్‌మెంట్ పెడగాజీలో, అదే సైకాలజీలో, 30కి 14, 15 దగ్గరే ఆగిపోతోందంట. "పియాజే, వైగాట్‌స్కీ, కోల్‌బర్గ్, స్కిన్నర్, ఈ సైకాలజిస్టులందర్నీ బట్టీ పట్టేశాను సార్, ప్రశ్న చూస్తే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి, అసలు రేపు బళ్లో ఇవి దేనికైనా పనికొస్తాయా?" అని అడిగింది. వాళ్ల నాన్నగారేమో ఎలాగైనా ఊళ్లోనే ప్రైమరీ బళ్లో పోస్టు కొట్టమంటున్నారంట.

నాన్నగారి సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్ పోస్టుకి బీఈడీ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే తీర్పిచ్చేసింది, దానికి డీఎల్ఈడీ, అంటే ప్రాథమిక విద్య డిప్లొమా కావాలి. బీఈడీ చేసినోళ్లకి ఆరు నుంచి ఎనిమిది, ఆపైన హైస్కూల్. అంటే నువ్వు రాయాల్సింది పేపర్ 2. ఊళ్లోనే ఉండాలనుకుంటే అప్పర్ ప్రైమరీ పోస్టుల మీద చూపు పెట్టు, ఇప్పుడు మళ్లీ రెండేళ్లు డీఎల్ఈడీకి పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది, నాన్నగారితో ఈ ముక్క చెప్పు.

ఇంక సైకాలజీ. నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తున్నాయంటే నీకు పేర్లొచ్చు, పిల్లలు కనపడట్లేదు, అంతే. సీటెట్ వాళ్లు "పియాజే రెండో దశ ఏది" అని అడిగే రోజులు దాదాపు పోయాయి, ఇప్పుడు ఒక క్లాసు చూపించి అక్కడ టీచర్ ఏం చెయ్యాలి అంటారు. ఉదాహరణకి స్కిన్నర్ చెప్పిన పునర్బలనం తీసుకో, రీఇన్‌ఫోర్స్‌మెంట్, అంటే ఒక పనిని పిల్లలు మళ్లీ మళ్లీ చేసేలా చెయ్యడం. నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష అని సగం మంది పెట్టేసి వస్తారు. కాదు. "క్లాసులో లెక్కలన్నీ చేసేస్తే ఇవాళ హోంవర్క్ లేదు" అన్నావనుకో, పిల్లలకి ఇష్టం లేనిది తీసేశావు, దాంతో లెక్కలు చెయ్యడం పెరిగింది, అది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. "అల్లరి చేశారు కాబట్టి ఆటల పీరియడ్ కట్" అంటే అది శిక్ష, అల్లరి తగ్గించడానికి. పని పెరుగుతోందా తగ్గుతోందా అని చూసుకుంటే చాలు, స్కిన్నర్ మీద ప్రశ్నలు చాలావరకు దారికొస్తాయి.

పియాజేకి పుస్తకం మూసెయ్. పక్కింట్లో ఐదేళ్ల గుంటడుంటే పిలిచి రెండు ఒకేలాంటి గ్లాసుల్లో నీళ్లు సమానంగా పొయ్యి, వాడు సమానం అన్నాక ఒక గ్లాసులోవి సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వాడి ముందే ఒంపు, ఏ దాంట్లో ఎక్కువున్నాయిరా అని అడుగు. పొడుగుదాంట్లో అంటాడు, చాలామంది అలాగే అంటారు. ఎనిమిదేళ్ల వాళ్లక్కని అడిగితే నవ్వుతుంది. గ్లాసు మారినా నీళ్లు అన్నే ఉంటాయని తెలియడం, పదిలపరచుకునే భావన (కన్సర్వేషన్) అంటే ఇదే, రెండేళ్ల నుంచి ఏడేళ్ల దశకీ ఏడు నుంచి పదకొండు దశకీ ఉన్న తేడా ఇదే, ఒకసారి చూశాక ఇంక బట్టీ పట్టక్కర్లేదు. వయసులు మరీ గీత గీసినట్టు ఉండవులే, కొందరికి ముందు, కొందరికి వెనక.

నీకు అసలు పనికొచ్చేది మాత్రం వైగాట్‌స్కీ, ఎందుకంటే నువ్వు ఉండేది బోర్డర్‌లో. మీ బళ్లల్లో ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, ఒడియా మాట్లాడేవాడు, కొండమీంచొచ్చిన సవర పిల్ల కూర్చుంటారు కదా. తెలుగింటి పిల్లాడు లెక్క చేస్తూ "ఏడుకి ఆరు కలిపితే..." అని తనలో తాను తెలుగులో గొణుక్కుంటాడు, టీచరేమో ఒడియాలో చెప్పు, గొణక్కు అని కసురుతుంది. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవడాన్ని పియాజే ఇగోసెంట్రిక్ స్పీచ్ అన్నాడు, పెద్దయ్యేకొద్దీ పోతుందన్నాడు. వైగాట్‌స్కీ ఒప్పుకోలేదు, అది పోదు, లోపలికెళ్లి ఆలోచన అవుతుంది అన్నాడు. మరి ఆ గొణుగుడు ఆపేస్తే ఏం ఆపినట్టు? పరీక్షలో ఇది తప్పకుండా చూసుకోవాల్సిన పాయింటు, ఇద్దరి మధ్య తేడా అడగడం వాళ్లకి భలే ఇష్టం. ఇంకోటి, ఒడియాలో రాసిన లెక్క చదివి బిక్కమొహం వేసినవాడే పక్కనున్న పిల్ల తెలుగులో చెప్పగానే చేసేస్తే, వాడికి లెక్క రాదని రాయకు. ఒంటరిగా చెయ్యలేనిది కాస్త సాయంతో చెయ్యగలిగే ఆ మధ్య జాగానే జోన్ ఆఫ్ ప్రాక్సిమల్ డెవలప్‌మెంట్. ఆ సాయాన్ని స్కఫోల్డింగ్ అంటారు, వైగాట్‌స్కీ పెట్టిన పేరు కాదది, 1976లో బ్రూనర్ వాళ్లు వాడారు.

అభ్యసన బదలాయింపు (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ లెర్నింగ్), అంటే ముందు నేర్చుకున్నది కొత్తదాని మీద పనిచెయ్యడం, అది కూడా మీ ఊళ్లోనే దొరుకుతుంది. ఒడియా నాలుగంకె చూడ్డానికి అచ్చం మన 8 లాగుంటుంది కదా, మామూలు అంకెలు నేర్చుకుని ఒడియా బళ్లో చేరిన గుంటడు నాలుగుని ఎనిమిదని చదివితే అది వాడి తెలివితక్కువ కాదు, ప్రతికూల బదలాయింపు, పాత నేర్పు కొత్తదానికి అడ్డొచ్చింది. అదే కూడిక పద్ధతి మాత్రం ఏ భాషలోనైనా ఒకటే, అది అనుకూల బదలాయింపు.

మీ ఊరికి ఇవేం కొత్త కాదసలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి బళ్లో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేసి సొంత డబ్బుతో బళ్లు పెట్టారు, వైగాట్‌స్కీ పుస్తకాలు రాయడానికి చాలా ముందే. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పమన్నదీ ఈ దారే.

కోల్‌బర్గ్, బహుళ ప్రజ్ఞల గార్డ్‌నర్, అవసరాల మెట్ల మాస్లో మీద రోజులు రోజులు పెట్టకు. కోల్‌బర్గ్ నైతిక వికాసానికి మూడు స్థాయిలు ఆరు దశలు, ఒక్కో స్థాయికి ఒక్కో ఉదాహరణ సొంతంగా రాసుకుంటే సరిపోద్ది.

సీటెట్‌లో లాంగ్వేజ్ 1 తెలుగు పెట్టుకోవచ్చు, లాంగ్వేజ్ 2 నీకు ఒడియా గానీ ఇంగ్లీషు గానీ, ఏది గట్టిగా ఉంటే అది. కానీ సైకాలజీ ప్రశ్నలు హిందీ, ఇంగ్లీషుల్లోనే వస్తాయి కాబట్టి ప్రతి పదం ఇంగ్లీషు పేరుతో కూడా గుర్తుండాలి, నీ 14, 15కి ఇదో కారణం అయ్యుండొచ్చు, ఒకసారి తప్పుపోయిన ప్రశ్నలు తిరగేసి చూడు. నెగటివ్ మార్కింగ్ లేదు, ఏదీ వదిలెయ్యకు. 150కి 90 వస్తే జనరల్‌కి పాస్, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఒడిశా ప్రభుత్వ పోస్టులకి ఓటెట్, అదే ఒడిశా టెట్, విడిగా రాయాలి, నోటిఫికేషన్‌లో భాషల కాలమ్ జాగ్రత్తగా చదివి ఫారం నింపు.

బీఈడీ ఇంటర్న్‌షిప్ ఇంకా మిగిలుంటే ఆరో తరగతి అడిగి తీసుకో, రోజూ సాయంత్రం ఒక పిల్లాడి గురించి నాలుగు లైన్లు రాసి పక్కన ఇది ఎవరి సిద్ధాంతమో పెన్సిల్‌తో పెట్టు. నెలయ్యాక మళ్లీ ఒక మాక్ రాసి మార్కులు నాకు పంపు, అప్పుడు మిగతాది మాట్లాడదాం.