ఎగుమతులు పెరిగితే పేదరికం తగ్గుతుందా?

అంతర్జాతీయ వ్యాపారం వల్ల పేద దేశాల్లో పేదరికం తగ్గుతుందా, పెరుగుతుందా అని అడిగారు. నేను ఎనిమిదేళ్లు ఒక గార్మెంట్ ఎగుమతి ఫ్యాక్టరీలో మర్చండైజర్‌గా చేశాను. అంటే విదేశీ బయర్‌కీ, కుట్టే లైనుకీ మధ్య నలిగే ఉద్యోగం. నా జవాబు: తగ్గుతుంది, కానీ లాభం ఒకరికి, దెబ్బ ఇంకొకరికి.

మా లైనులో కాలర్లు కుట్టే ఒకామె ఉండేది. ఫ్యాక్టరీకి రాకముందు ఏడాదిలో సగం రోజులే కూలి దొరికేదట. ఫ్యాక్టరీ జీతం గొప్పదేం కాదు, కానీ నెలనెలా చేతికొచ్చేది. రెండేళ్లలో అప్పు తీర్చేసింది. కూతురి చదువు మాన్పిద్దామన్న మాట ఇంట్లో మళ్లీ రాలేదు. బంగ్లాదేశ్‌లో ఇలా దుస్తుల ఫ్యాక్టరీల మీద బతికేవాళ్లు సుమారు 40 లక్షల మంది, సగానికి పైగా ఆడవాళ్లే. ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే. అదే దేశంలో 2013 ఏప్రిల్‌లో రాణా ప్లాజా అనే దుస్తుల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే గోడలకు పగుళ్లు కనిపించినా, పనిలోకి రమ్మన్నారు.

ఎందుకంత ఆత్రం అంటే, మా దగ్గర జరిగింది చెప్తాను. ఒకసారి మిల్లు నుంచి బట్ట పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. సరుకు ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. ఒప్పందం ప్రకారం సరుకు విమానంలో పంపాలి, ఖర్చు మాదే. లాభమంతా అందులోనే పోయింది. యాజమాన్యం ఆ నెల ఓవర్‌టైమ్ డబ్బులు ఆపేసింది. బయర్‌కి నష్టం లేదు, మిల్లుకీ లేదు. చివరికి భారం పడింది కాలర్లు కుట్టేవాళ్ల మీద.

ఇక ఎగుమతి చేయనివాళ్ల సంగతి. హైతీ 1995లో బియ్యం దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించింది. అమెరికాలో సబ్సిడీతో పండిన చవక బియ్యం వచ్చి పడింది, స్థానిక రైతులు నిలబడలేకపోయారు. అది పొరపాటని, సుంకం తగ్గినప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో ఒప్పుకున్నాడు. (పదిహేనేళ్ల తర్వాత ఒప్పుకుంటే రైతుకి ఒరిగేదేంటో!) పత్తిది ఇంకో వింత. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ దేశాలు ధనిక దేశాల పత్తి సబ్సిడీలు ఎత్తేయమని 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థని (డబ్ల్యూటీఓ) అడిగాయి. సబ్సిడీలు ధనిక దేశాలకి, మార్కెట్లు తెరవమని చెప్పేది పేద దేశాలకే అన్నమాట.

నష్టపోయినవాళ్లు వేరే పని వెతుక్కుంటారని పుస్తకాల్లో ఉంటుంది. భారత్‌లో 1991 తర్వాత సుంకాలు తగ్గినప్పుడు ఏం జరిగిందో పెటియా తోపలోవా అనే ఆర్థికవేత్త జిల్లాలవారీగా చూశారు. దిగుమతుల పోటీ ఎక్కువ తగిలిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతా చోట్ల కంటే నెమ్మదిగా తగ్గింది. జనం అక్కడి నుంచి పెద్దగా కదల్లేదు కూడా. ఇల్లు, పొలం, అప్పు, ముసలి తల్లిదండ్రులు... ఎలా కదులుతారు?

2020 మార్చిలో మాకు ఒక్క మెయిల్‌తో ఆర్డర్లు రద్దయ్యాయి. కత్తిరించిన బట్ట టేబుళ్ల మీదే ఉండిపోయింది. కాలర్లు కుట్టే ఆమెని ఐదు నెలల తర్వాత పిలిస్తే మర్నాడే వచ్చింది. మిషన్ ముందు కూర్చుంటూనే అడిగింది, ఓవర్‌టైమ్ ఉంటుందా అని. మళ్లీ అప్పు చేసిందట.