విమానం దిగబోతూ మళ్ళీ పైకి లేస్తే అది కంట్రోలర్ తప్పేనా?

శంషాబాద్‌లో దిగబోతున్న మీ విమానం ఒక్కసారిగా పైకి లేచిందని, ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే మీదే ఉందని పైలట్ మైకులో చెప్పారని రాశారు. ఇది కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ తప్పా, వచ్చే నెల పిల్లలతో మళ్ళీ విమానం ఎక్కొచ్చా అని అడిగారు. ధైర్యంగా ఎక్కండి అమ్మా.

నేను విమానాల్లో పనిచేసినవాణ్ణి కాదు. ఉండేది కాజీపేటలో. ముప్పై ఏళ్ళకు పైగా స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. రెండు బండ్లు ఒకే పట్టా మీదకు రాకుండా చూడటమే నా ఉద్యోగం కాబట్టి, విమానాల వాళ్ళు ఆ పని ఎలా చేస్తారా అని ఎప్పటినుంచో దొరికినదల్లా చదువుతున్నాను.

మీకు జరిగినదాన్ని గో అరౌండ్ అంటారు. ముందు బండి ప్లాట్‌ఫారం ఖాళీ చేయకపోతే వెనక బండిని స్టేషన్ బయట హోమ్ సిగ్నల్ దగ్గర ఆపుతాం కదా, ఇదీ అంతే. రైలు ఆగి నిలబడుతుంది, విమానం నిలబడలేదు, అందుకే చుట్టు తిరిగి వస్తుంది. పైలట్లు దీన్ని సిమ్యులేటర్‌లో పదేపదే సాధన చేస్తారు. భయపడాల్సింది అలా లేవనప్పుడు. 2024 జూన్ 8న ముంబైలో ఒక విమానం టేకాఫ్ కోసం పరుగెత్తుతూ ఇంకా గాలిలోకి లేవకముందే, అదే రన్‌వే మీద వెనక మరొకటి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ కంట్రోలర్‌ను డ్యూటీ నుంచి తప్పించి విచారణ చేశారు. మీ విమానం విషయంలో అటువంటిది జరగనివ్వలేదు.

పేపర్లో 'తృటిలో తప్పిన ప్రమాదం' అని చూసినప్పుడు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఆకాశంలో రెండు విమానాల మధ్య నిలువుగా కనీసం వెయ్యి అడుగులైనా ఉండాలి, లేదంటే పక్కకు కొన్ని కిలోమీటర్ల దూరమైనా ఉండాలి. ఈ రెండూ లేకపోతే, ఒకదానికొకటి కనిపించనంత దూరంలో ఉన్నా సరే, అది ఉల్లంఘన కిందే లెక్క.

ఇక తప్పులు ఎలా జరుగుతాయన్నది. నేను చూసింది చెబుతాను. తొంభైలలో బల్లార్షా లైనులో ఒక చిన్న స్టేషన్‌లో నైట్ డ్యూటీ. దసరా దాటినా వాన కుండపోతగా పడుతోంది. ఎక్స్‌ప్రెస్ బండి వస్తోంది, గేటు వేయమని గేట్‌మన్‌కు ఫోన్ చేశాను. గరగరల మధ్య "ఆఁ సార్" అని వినిపించింది. గేటు పడిందనుకున్నాను. చెయ్యి సిగ్నల్ లీవర్ మీదకు పోయింది కూడా. కానీ గేటు వేశాక గేట్‌మన్ ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి, అది నేను రాసుకోవాలి, ఆ తర్వాతే సిగ్నల్. ఒకసారి వాడిన నంబర్ కొట్టేస్తారు, మళ్ళీ పనికిరాదు. "నంబర్ చెప్పు" అన్నాను. అప్పుడు గట్టిగా అరిచాడు: "ఆగుండ్రి సార్ అంటున్న! పత్తి ట్రాక్టర్ పట్టాల నడుమ దిగబడ్డది!"

ఆయన అన్నది "ఆగుండ్రి సార్". నాకు వినపడింది "ఆఁ సార్". ఆ రెండంకెల నంబర్ అడగాలన్న నియమం లేకపోతే ఆ ట్రాక్టర్ మీదున్నవాళ్ళు ఏమయ్యేవారో ఇప్పటికీ తలచుకోలేను.

చాలా ఏళ్ళ తర్వాత స్పెయిన్ వాళ్ళ దీవి టెనెరిఫెలో జరిగిన విమాన ప్రమాదం గురించి చదివినప్పుడు నా చేతులు వణికాయి. 1977 మార్చి 27, దట్టమైన పొగమంచు. రన్‌వే మీద రెండు జంబో జెట్లు, ఒకటి డచ్ కంపెనీ కేఎల్ఎంది, ఇంకొకటి అమెరికా కంపెనీ పాన్ యామ్‌ది. కేఎల్ఎం పైలట్ టేకాఫ్ మొదలైందన్నట్టు చెప్పాడు. టవర్ నుంచి కంట్రోలర్ "ఓకే" అని, వెంటనే టేకాఫ్ కోసం ఆగమని అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ వాళ్ళు మేమింకా రన్‌వే మీదే ఉన్నామని మాట్లాడారు. రెండు మాటలూ రేడియోలో కలిసిపోయి కీచుమన్నాయి. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినపడింది ఆ "ఓకే" ఒక్కటే. ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చి అడిగాడు కూడా, కెప్టెన్ ఆగలేదు. రెండూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట వాడకూడదన్నారు. ఉత్త "ఓకే" చెల్లదు, చెప్పిన ఆదేశాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పాలి.

అలా అప్పజెప్పినా అర్థం తేడా రావచ్చు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో కోస్ట్‌గార్డ్ విమానం హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కకముందు ఆగాల్సిన చోటు) వరకు వెళ్ళమన్న మాటను సరిగ్గానే తిరిగి చెప్పింది. 'నంబర్ వన్', అంటే టేకాఫ్ వరసలో మీరే ముందు అన్నది కూడా విని, అదే అనుమతి అనుకుని రన్‌వే ఎక్కేసింది. అప్పుడే దిగుతున్న పెద్ద విమానం దాన్ని ఢీకొట్టింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, కోస్ట్‌గార్డ్ వాళ్ళు ఐదుగురు పోయారు.

మన దేశంలో 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి దగ్గర రెండు విమానాలు గాలిలో ఢీకొని 349 మంది చనిపోయినప్పుడు కంట్రోలర్ చెప్పింది సరైనదే. కజకిస్తాన్ విమానం తనకు చెప్పిన 15,000 అడుగుల కంటే కిందికి దిగిపోయింది. ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం మన దగ్గర తప్పనిసరి అయింది ఆ తర్వాతే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ మీద, గాలిలో రెండు విమానాలు ఢీకొన్నది. ఆ రాత్రి అక్కడి ఆకాశాన్ని చూసే స్విస్ కంట్రోల్ రూములో ఒకతను విశ్రాంతికి వెళ్ళగా మిగిలినవాడు ఒక్కడే రెండు తెరలూ చూస్తున్నాడు, ఫోన్లు మరమ్మతులో ఉన్నాయి. రష్యా విమానంలోని పరికరం పైకి వెళ్ళమంది, కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి కార్గో విమానం తన పరికరం చెప్పినట్టు దిగుతోంది. 71 మంది పోయారు, వాళ్ళలో చాలామంది స్కూలు పిల్లలు. ఇప్పుడు పరికరం చెబితే కంట్రోలర్ మాటను పక్కనపెట్టి దాన్నే పాటించాలి. కానీ ఆ ఒంటరి డ్యూటీ టెన్షన్ నాకు తెలుసు. అతన్ని ఒక్కణ్ణే నిందించడానికి నాకు మనసు రాదు.

మా వరంగల్ పక్కనే మామునూరులో నిజాం కాలంనాటి విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇక్కడ అందరూ ఏయే ఊళ్ళకు ఫ్లైట్లు వేస్తారని మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం ఎవరు కలిసినా టవర్‌లో రాత్రిపూట ఎంతమందిని పెడతారని అడుగుతున్నాను.