తొలకరి పచ్చిక మేసిన మేకలు ఉన్నట్టుండి ఎందుకు చనిపోతాయి?

చాలావరకు అది చిటుకు రోగం, గడ్డిలో విషం కాదు. దీని క్రిమి మేకలు, గొర్రెల పేగుల్లో మామూలుగానే కొద్దిగా ఉంటుంది. ఎండాకాలమంతా ఎండుమేతతో సరిపెట్టుకున్న జీవాలు జూన్ వానలకు మొలిచిన లేత పచ్చిక ఒక్కసారిగా మేస్తే, ఆ క్రిమి విపరీతంగా పెరిగి పేగులోనే విషం తయారుచేస్తుంది. ఒడిశాలోని గుణుపూర్, పర్లాకిమిడి పక్క పల్లెల్లో సాయంత్రం గెంతుతూ దొడ్డికి చేరిన మేకపిల్ల, తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. అదీ మందలో బాగా బలిసిన పిల్లే! అందుకే పాము కరిచిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. రోగం బయటపడ్డాక మందుకు టైమ్ ఉండదు. మే నెలలోనే టీకా వేయించాలి, మొదటిసారైతే 2 వారాలకు ఇంకో డోసు. మేతకు తోలేముందు కాస్త ఎండుగడ్డి పెట్టినా మేలే.