గంట కొట్టేవారు లేనప్పుడు

వ్యాయామం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు విశ్రాంత డ్రిల్ మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నాకు 38 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఈ ఏడాదిలో నాలుగుసార్లు వ్యాయామం మొదలుపెట్టాను. మొదటి వారం నన్నెవరూ ఆపలేరు. ఉదయం ఐదింటికే లేచి గంటసేపు నడక, ఆ తర్వాత ఇంట్లో అరగంట కసరత్తు. పది, పన్నెండు రోజులయ్యేసరికి ఆ ఉత్సాహం ఎటు పోతుందో తెలియదు. ఒకరోజు పడుకుండిపోతాను, మర్నాడూ అంతే, ఇక దాని ఊసే ఉండదు. 21 రోజులు ఓపిక పడితే ఏదైనా అలవాటైపోతుందంటారు. నేను ఆ 21వ రోజును ఎప్పుడూ చూడలేదు. నాకు పట్టుదల లేదని ఇంట్లోవాళ్లు తేల్చేశారు, నేనూ ఒప్పేసుకున్నాను. ఉత్సాహం నిలబెట్టుకునే ఉపాయం ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, ముందు నా సంగతి చెప్పనివ్వండి. 31 ఏళ్లు బడిలో పిల్లలతో వ్యాయామం చేయించాను. ఒళ్లు వెచ్చబడినా, ముసురు పట్టినా పొద్దున్నే మైదానంలో ఉండేవాణ్ణి. చూసినవాళ్లు నా క్రమశిక్షణను మెచ్చుకునేవారు. నేనూ అది నాదేననుకున్నాను. పదవీ విరమణ చేసిన మర్నాడు హాయిగా ఎనిమిదింటి దాకా పడుకున్నాను. ఆ మర్నాడూ అంతే. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు మా అమ్మాయి ఇంటికి మెట్లెక్కి వెళ్లాను. రెండో అంతస్తే. తలుపు తట్టకుండా గుమ్మం ముందు నిలబడి ఊపిరి కూడదీసుకున్నాను, లోపలివాళ్లకు నా ఆయాసం కనబడకూడదని. పక్కనే ఉన్న మా ఆవిడ మాత్రం చూసింది.

అక్కడ నిలబడ్డప్పుడు అర్థమైంది, ఆ క్రమశిక్షణ నాది కాదు, బడి గంటది. గంట మోగేది, నలభై మంది పిల్లలు వరసలో నిలబడి నావంక చూసేవారు, నేను కదిలేవాణ్ణి. ‘ఇవాళ ఉత్సాహంగా ఉందా’ అని 31 ఏళ్లలో ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకుని ఉంటే చాలా రోజులు లేదనే జవాబు వచ్చేది.

కాబట్టి ఉత్సాహం నిలబెట్టే ఉపాయం నా దగ్గర లేదు. అది లేని రోజున కూడా కాళ్లు కదిలే ఏర్పాటు ఎలా చేసుకోవాలో మాత్రం చెప్పగలను.

మొదట ఆ 21 రోజుల భ్రమ వదిలించుకోండి. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ ఒక పుస్తకం రాశాడు. శస్త్రచికిత్స తర్వాత అద్దంలో కనిపించే కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని అందులో తన అనుభవం చెప్పాడు. ‘కనీసం’ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. ముఖం సంగతి నడకకూ అంటుకుంది. తర్వాత లండన్‌లో 96 మందితో 12 వారాల పాటు ఒక అధ్యయనం చేశారు. ఒక్కొక్కరు ఒక చిన్న పనిని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేస్తూ వచ్చారు. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. తొందరగా కుదిరినవారికి 18 రోజులు చాలాయి, ఆలస్యమయ్యేవారికి 254 దాకా పట్టవచ్చని లెక్క తేలింది. నీళ్లు తాగడం లాంటి పనులకంటే వ్యాయామం ఎంచుకున్నవారికే ఎక్కువ కాలం పట్టింది. ఇంకొక సంగతి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. మీరు పన్నెండో రోజున ఓడిపోయాననుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆట అప్పటికి సరిగా మొదలే కాలేదు.

ఇక మీ ప్రణాళిక. కొత్తగా బడిలో చేరిన పిల్లను మొదటి రోజే మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమంటే నన్ను ఏమనేవారు? మీకు మీరు చేసుకున్నది అదే. అలవాటు లేని కండరాల మీద ఒక్కసారిగా భారం వేస్తే ఆ నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల లోపల ముదురుతుంది. సరిగ్గా మీరు మళ్లీ మంచం దిగాల్సిన సమయానికి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ. మీరు రోజుకు తొంభై నిమిషాల చొప్పున ఆరు రోజులే చేశారనుకున్నా 540. మిమ్మల్ని ఎవరూ అంత అడగలేదు! ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని కూడా అదే ఏడాది ఆ సంస్థ తీసేసింది. రెండు నిమిషాలు మెట్లెక్కినా జమే.

మరి గంట ఎవరు కొట్టాలి? 2002లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం నాకు చాలా ఇష్టం. విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. రెండో గుంపుతో వ్యాయామం వల్ల గుండెకు కలిగే మేలు గురించి చదివించి, బాగా ప్రోత్సహించారు. మూడో గుంపుకు అదే చదివించి, వచ్చే వారంలో ఏ రోజున, ఏ సమయానికి, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించారు. ఆ వారంలో ఒక్కసారైనా వ్యాయామం చేసినవారు మొదటి గుంపులో 38 శాతం. ప్రోత్సహించిన గుంపులో 35. రాసినవాళ్లలో 91. మైదానంలో నేను చేసిన ఉపన్యాసాలన్నీ గుర్తొచ్చి, ఈ అంకెలు చూసిన రోజు నాకు నవ్వాగలేదు.

మీరూ ఒక వాక్యం రాయండి. ‘ఉదయం’, ‘వీలున్నప్పుడు’ అని రాస్తే కుదరదు. రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి దాన్ని ముడివేయాలి. నాది ఇది: ‘పళ్లు తోముకున్న వెంటనే బూట్లు తొడుక్కుని వీధి చివరి దాకా వెళ్లి వస్తాను.’ బూట్లు స్నానాలగది గుమ్మంలోనే ఉంటాయి. వాటిని దాటాలంటే కాలు ఎత్తాలి. ఎత్తిన కాలిని బూటులో పెట్టడం తేలిక. వీధి చివరికి వెళ్లి రావడానికి ఏడు నిమిషాలు పట్టేది. మొదటి రెండు వారాలు, ఇంకా నడవాలనిపించిన రోజున కూడా, అక్కడితో ఆపేశాను. 31 ఏళ్ల డ్రిల్ మాస్టారు ఏడు నిమిషాలు నడిచి ఇంటికొచ్చి కూర్చోవడం చూసి ఎదురింటాయన ఒకసారి ఏమైనా మరిచిపోయారా అని అడిగాడు. ఇప్పుడు నలభై నిమిషాలు నడుస్తున్నాను. ఎప్పుడు నలభై అయిందో సరిగ్గా చెప్పలేను.

మీరు పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఐదింటికి లేవడం మీకు అలవాటు లేకపోతే దాన్ని వదిలేయండి. నిద్ర మాని చేసే వ్యాయామం ఎక్కువ రోజులు సాగదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక, సంచి కింద పెట్టి ఇంకా కూర్చోకముందే చేయవచ్చు. ఆ ‘కూర్చోకముందే’ అన్నది ముఖ్యం. ఇక పట్టుదల సంగతి: ఏడాదిలో నాలుగుసార్లు మళ్లీ మొదలుపెట్టిన మనిషికి అది లేదని మీ ఇంట్లోవాళ్లు ఎలా తేల్చారో నాకు అంతుపట్టలేదు.

ప్రశ్న: నా వయసు 52. మూడు నెలలు క్రమం తప్పకుండా మిత్రులతో నడిచాను. జ్వరం వచ్చి పది రోజులు ఆగాను. తగ్గాక కూడా వెళ్లలేదు, ఇప్పటికి నెల దాటింది. నిజం చెప్పాలంటే బద్ధకం కాదు, మొహం చెల్లడం లేదు. ‘ఏమయ్యారు ఇన్నాళ్లు’ అంటారు. పడిన కష్టమంతా పోయింది, మళ్లీ మొదటి నుంచి అంటే మనసు రావడం లేదు.

జవాబు: ఈ విషయంలో నేను కొంతమంది పాత విద్యార్థులకు క్షమాపణ చెప్పాలి. వారం రోజులు రాని పిల్లవాడు తిరిగొచ్చి వెనక వరసలో తల దించుకుని నిలబడితే, ముందుకు పిలిచి రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించేవాణ్ణి. వాడు మర్నాడు రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి! తిరిగొచ్చినందుకు శిక్ష వేస్తున్నానని నాకు తోచనే లేదు. ఇప్పుడు మీరు మీకు వేసుకుంటున్నదీ అదే శిక్ష.

2021లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 61 వేల మందికి పైగా జిమ్ సభ్యుల మీద, వాళ్లను జిమ్‌కి ఎక్కువసార్లు రప్పించేందుకు 54 రకాల నాలుగు వారాల కార్యక్రమాలను పరీక్షించారు. అన్నిటికంటే బాగా పనిచేసింది ఏదంటే, అనుకున్న రోజున రాలేకపోయాక తిరిగి వచ్చినవారికి అదనంగా ఇచ్చిన కొన్ని పాయింట్లు. వాటి విలువ నామమాత్రం. అయినా ఆ చిన్న పలకరింపు మనుషుల్ని వెనక్కి తెచ్చింది.

పడిన కష్టమంతా పోయిందన్నది నిజం కాదు. రెండు నుంచి నాలుగు వారాలు ఆగితే దమ్ము తగ్గిన మాట వాస్తవమే, కండబలం అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది. మళ్లీ చేస్తే రెండూ మొదటిసారి కంటే త్వరగా వస్తాయి. రేపు వెళ్లండి. మునుపు నడిచినదాంట్లో సగం దూరం నడిచి వెనక్కి తిరగండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంతవరకే. మానేసిన రోజుల బాకీ తీర్చే పని పెట్టుకోవద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మునుపెన్నడూ లేని ఆయాసం ఉంటే అక్కడితో ఆపి వైద్యుణ్ణి కలవండి, అది పట్టుదల చూపించే చోటు కాదు.

‘ఏమయ్యారు’ అని అడిగితే జ్వరం వచ్చిందని చెప్పండి. ఆ జవాబు అర నిమిషం పడుతుంది. తర్వాత వాళ్లు తమకొచ్చిన జ్వరాల గురించి చెప్పడం మొదలుపెడతారు.

ప్రశ్న: చేతి గడియారంలో రోజూ పదివేల అడుగులు పూర్తి కావాలని పెట్టుకున్నాను. రాత్రి పదింటికి ఎనిమిది వేలే ఉంటే గదుల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఒక్కోరోజు మధ్యాహ్నానికే అందేలా లేదనిపిస్తే అసలు నడవడమే మానేస్తున్నాను. ఇది సరైనదేనా?

జవాబు: పదివేలు వైద్యుల నోట పుట్టిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు ‘మాన్పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రని అంకె, నోటికి బాగుంది, ప్రపంచమంతా తిరిగింది. 2019లో వయసు మళ్లిన అమెరికన్ స్త్రీల మీద జరిగిన పరిశోధనలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో సైతం మరణాలు తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 దాటాక ఆ తేడా పెరగలేదు. వాళ్ల లెక్క మీకు అచ్చంగా సరిపోతుందనను, కానీ ఎనిమిది వేలు వేసిన మనిషి దిగులుపడటం ఏమిటి? మీ గడియారంలో లక్ష్యాన్ని మార్చుకునే వీలుంటుంది. ఏడువేలకు దించి, రాత్రి పదింటికి పడుకోండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద గోడను చూస్తూ పరిగెత్తడం పరమ విసుగు. అందరూ ‘తర్వాత ఎంత బాగుంటుందో’ అంటారు. తర్వాత సరే, అప్పుడు ఎలా?

జవాబు: గోడను చూస్తూ పరిగెత్తడం నాకూ విసుగే నాయనా. నువ్వు దాన్ని ఇష్టపడి తీరాలని ఏ నియమమూ లేదు. ఈత, సైకిలు, షటిల్, నాట్యం, ఏదైనా గుండె వేగం పెంచుతుంది. ఎదుటి మనిషి బంతి విసిరే ఆటలో విసుగుకు తీరిక ఉండదు. ముందు అది ప్రయత్నించు.

ట్రెడ్‌మిల్ తప్పదంటే ఒక కిటుకు ఉంది. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో కొందరికి, వదలబుద్ధి కాని కథల్ని జిమ్‌లో మాత్రమే వినే ఏర్పాటు చేశారు. తర్వాతి భాగం వినాలంటే జిమ్‌కి రావలసిందే. మొదట్లో వాళ్లు మిగతావారికంటే 51 శాతం ఎక్కువసార్లు వచ్చారు. మధ్యలో సెలవులొచ్చాక ఆ ఊపు తగ్గిపోయింది, ఆ సంగతి దాచను. నేనూ ఒక ధారావాహికను నడకకే కేటాయించుకున్నాను. ఉత్కంఠగా ఉన్నచోట ఇంటి గుమ్మం వస్తే ఇంకో చుట్టు తిరిగి వస్తాను. ఇంట్లో వినకూడదన్న నియమాన్ని రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ మర్నాడు నడక ఆలస్యమైంది.

ఇంకొక మాట. మొదటి ఐదు నిమిషాలు ఎవరికైనా చెడ్డగానే ఉంటాయి, ఇన్నేళ్లు చేసిన నాకు కూడా. చేయబోయే ముందు మనకు కనిపించేది ఆ ఐదు నిమిషాలే, అందుకే మొత్తం అలాగే ఉంటుందనుకుంటాం. ఆరో నిమిషం దాకా తీర్పు వాయిదా వేసి చూడు.

ప్రశ్న: 64 ఏళ్ల నాకు రోజూ నడక చాలదా? బరువులు కూడా ఎత్తాలంటున్నారు.

జవాబు: చాలదు. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. ఇనుప బరువులే అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు ఆనించి దండీలు తీయండి. అరవై ఐదు దాటేసరికి వీటికి తోడు తూలిపడకుండా నిలబడే అభ్యాసం కూడా ఉండాలి. గోడ పక్కనే ఒంటికాలి మీద నిలబడటంతో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: మావారు అడుగు తీసి అడుగు వేయరు. రోజూ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది. ఆయనను కదిలించేది ఎలా?

జవాబు: చెప్పడం ఆపండమ్మా. పైన మొదటి జవాబులో, స్నానాలగది గుమ్మంలో బూట్లు పెట్టుకునే ఆలోచన నాదేనన్నట్టు రాశాను. దాన్ని ఇక్కడ దిద్దుకోవాలి. మా అమ్మాయి ఇంటి మెట్ల దగ్గర నా ఆయాసం చూసిన మర్నాడు, అలమర అడుగున పడి ఉన్న బూట్లను దులిపి అక్కడ పెట్టింది మా ఆవిడ. ఏమీ అనలేదు. నేను నాలుగు రోజులు వాటిని దాటుకుంటూ తిరిగాను, అప్పుడూ ఏమీ అనలేదు. ఐదో రోజు తొడుక్కున్నాను. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, తానూ చెప్పులు వేసుకుని పది అడుగుల వెనక వస్తోంది.