తలకు కరెంటు పెడితే కోపం పోతుందా?

అన్నయ్య ఇంట్లో అందరి మీదా చెయ్యి చేసుకుంటున్నాడనీ, తలకు కరెంటు పెట్టిస్తే నెమ్మదిస్తాడని ఎవరో చెప్పారనీ రాశారు. మా తమ్ముడికి ఆ ట్రీట్‌మెంట్ చేయించాం కాబట్టి చెబుతున్నా.

వాడికి రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. అన్నంలో విషం కలిపామని ఒకరోజు కంచం తీసి నాన్న మొహాన కొట్టాడు. కత్తిపీట అటకెక్కించి, కూరగాయలు పక్కింట్లో తరుక్కున్న రోజులవి. మందులు మింగేవాడు కాదు. డాక్టర్ ఈసీటీ, అంటే ఈ కరెంటు ట్రీట్‌మెంట్, అనగానే అమ్మ ఏడ్చింది. సినిమాల్లో కట్టేసి షాకిచ్చేదే ఆమెకు తెలుసు మరి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయకూడదు.

ముందురోజు రాత్రి నుంచి పస్తు. నన్ను గుమ్మం దాకా రానిచ్చారు. ఒక కాలికి మడమ పైన బీపీ పట్టీ బిగించారు, సడలింపు మందు ఆ పాదానికి చేరకుండా. కరెంటు పెట్టాక ఒళ్లు పెద్దగా కదల్లేదు, ఆ కాలి వేళ్లు మాత్రం కాసేపు టపటపా కొట్టుకున్నాయి. మెదడులో తెప్పించాలనుకున్న ఫిట్స్ వచ్చిందనడానికి అదే గుర్తట. లేచి "ఇంకా చెయ్యలేదా?" అన్నాడు.

ఆరు సిట్టింగులయ్యాయి. నాలుగోదానికే నేను పెట్టిన అన్నం తిన్నాడు. కానీ ఆ నెలలో జరిగిన మా పెదనాన్న కూతురి పెళ్లి వాడికి ఇప్పటికీ గుర్తు లేదు.

వాడిలో తగ్గింది అనుమానం. అది పోయాక ఎవరినీ కొట్టాల్సిన పని లేకపోయింది. జబ్బేమీ లేకుండా తాగొచ్చి కొట్టే మనిషికి ఈసీటీ పనికిరాదు.

కోపాన్నే కరెంటుతో ఆపాలని చూసినవాళ్లూ ఉన్నారు. 1963లో స్పెయిన్‌లోని కోర్డోబాలో హోసే డెల్గాడో అనే సైంటిస్టు పోట్లగిత్త మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి, అది మీదికొస్తుంటే రిమోట్ నొక్కి ఆపాడు. గిత్తకు కోపం తగ్గలేదు, కాళ్లు అదుపు తప్పి పక్కకు తిరిగిందంతే అని తర్వాత వేరే సైంటిస్టులు వాదించారు. 2018లో అమెరికాలో 81 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి నుదుటి వైపు కొద్దిపాటి కరెంటు 20 నిమిషాలు ఇచ్చారు. ఒక గొడవ కథ చదివించి, నువ్వైతే కొడతావా అంటే, కొడతామనడం తగ్గింది. కోపం కొలవడానికి బొమ్మకు సూదులు గుచ్చమంటే మాత్రం తేడా రాలేదు. నాకైతే సూదుల లెక్కే నమ్మాలనిపిస్తుంది.

ముందు మీ అన్నయ్యది తాగుడా, మూర్ఛా, అనుమానమా అన్నది సైకియాట్రిస్టును తేల్చనివ్వండి. అన్నయ్య రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరే ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈలోగా కత్తిపీట అటకెక్కించండి.